గొడుగు పట్టిన లుచినా

వూచ్ నగరంలో ఎర్ర ఇటుకల మిల్లు గేటు దగ్గర "లుచినా కుబ్యాక్ ఎవరు?" అని అడిగితే ఒకప్పుడు నలుగురు ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆమె మగ్గం దాకా తీసుకెళ్ళేవారు. తరవాత్తరవాత అదే పేరు ఎత్తితే మొహం తిప్పుకుని ట్రాము ఎక్కేసేవారు. మనిషి మాత్రం మారలేదు. అదే మనిషి, అదే పొట్టి జుట్టు, అవే అరిగిన బూట్లు.

లుచినా చదువు సగంలో వదిలేసి మిల్లులో చేరింది. వాళ్ళ అమ్మా, అమ్మమ్మా అక్కడే నేసి నేసి అక్కడే దగ్గుతూ పోయారు. మగ్గాల హాల్లో మోత ఎలాంటిదంటే పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని నేతగత్తెలు గొంతు వాడరు. పెదవులు కదిలించి మాట్లాడుకుంటారు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి కబుర్లు, తిట్లు, వంటలు, మొగుళ్ళ సంగతులు అన్నీ పెదవుల మీదే నడిచిపోతాయి. లుచినాకు ఆ విద్య నేర్పింది జెనోబియా. లుచినా కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. లావుపాటి మనిషి, నోరు కూడా అంత లావే.

"ఈ మోతలో మన మొర దేవుడికేం వినబడుద్దే లుచ్యా? ఆదివారం చర్చికి పోయినప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పుకో" అనేది పెదవులతో, తెగిన పోగు ముడేస్తూనే.

లుచినా మొగుడు పిల్ల పుట్టిన ఏడాదికే సముద్రం వైపు ఊళ్ళో పని దొరికిందని వెళ్ళాడు. పనితోపాటు అక్కడ ఇంకో కాపురం కూడా దొరికింది. మళ్ళీ రాలేదు. జెనోబియాకు పిల్లల్లేరు. ఆమె భర్త గెనెక్ ట్రాము నడిపేవాడు, నెమ్మదస్తుడు. లుచినా రెండో షిఫ్టులో ఉన్నప్పుడు ఆమె కూతురు దొరోతా వాళ్ళింట్లోనే తిని, వాళ్ళింట్లోనే నిద్రపోయేది. "జెన్యా పెద్దమ్మా" అని పిలిచేది.

దేశంలో కొత్త యూనియన్ పుట్టిన కాలం అది. పాత యూనియన్ ఉండేది కానీ అది దేశాన్నేలే పార్టీవాళ్ళ చంకలో పిల్ల. క్రిస్మస్‌కి తలా ఒక నారింజ పండు పంచి, మే నెలలో ఊరేగింపుకి జెండాలిచ్చేది, అంతే. కొత్త యూనియన్ అలాంటిది కాదు. మాంసం కోసం తెల్లారకుండా వరసలో నిలబడి, అటునుంచటే షిఫ్టుకి పరుగెత్తే ఆడవాళ్ళు ఒకరోజు పిల్లల్ని తోపుడుబళ్ళలో పడుకోబెట్టుకుని, ఖాళీ గిన్నెలు గరిటెలతో వాయిస్తూ నగరం నడిబొడ్డున ఊరేగారు. ఆ ఊరేగింపులో ముందు వరసలో లుచినా ఉంది. ఆమె గొంతు అంత దూరం పోతుందని ఆరోజు దాకా ఆమెకే తెలియదు. మిల్లులో యూనియన్ కమిటీకి ఆమెనే ఎన్నుకున్నారు.

ఆ చలికాలంలోనే ప్రభుత్వం కొత్త యూనియన్ని నిషేధించింది, సైన్యం వీధుల్లోకి వచ్చింది. మిల్లు ఆవరణలో సమ్మె చేస్తుండగా లుచినాను పట్టుకుపోయారు. విచారణ చేసిన అధికారి చాలా మర్యాదస్తుడు. కాగితం ముందుకి తోసి, "యూనియన్ వదిలేశానని సంతకం పెట్టమ్మా, ఇంటికి పో. లేదంటే మీ పాపని అనాథాశ్రమంలో చేర్చాలి, తప్పదు. తండ్రి లేడు కదా" అన్నాడు.

లుచినా సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే ఆమెకు జెనోబియా ఎవరో తెలుసు. అనుకున్నట్టే, జెనోబియా ఆ మధ్యాహ్నమే ఏప్రన్ కూడా విప్పకుండా బడికి పరుగెత్తి పిల్లని తెచ్చేసుకుంది. మర్నాడు ఆశ్రమంవాళ్ళు తలుపు తట్టారు.

"ఇక్కడ కుబ్యాక్ గారి అమ్మాయి ఉందట."

"ఉంది. సూప్ తాగుతోంది."

"తీసుకెళ్ళమని ఆర్డరొచ్చింది."

జెనోబియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తీసుకెళ్ళండి. ముందు నన్ను దాటండి. నా బరువెంతో తెలుసా అయ్యా? మా ఆయన్నడగండి, ఇరవయ్యేళ్ళుగా దాటలేకపోతున్నాడు."

వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వేశాడట. నవ్వినవాడు ఇక పిల్లని లాక్కుపోలేడు కదా. "మళ్ళీ వస్తాం" అని వెళ్ళారు, మళ్ళీ రాలేదు. లుచినా విడుదలయ్యేదాకా దొరోతా ఆ ఇంట్లోనే పెరిగింది. పిల్ల జుట్టు దువ్వి జడలేసింది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది, చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే రోజుకి తెల్లగౌను కుట్టింది జెనోబియానే.

తిరిగొచ్చాక లుచినాకు మగ్గం ఇవ్వలేదు. ఆవరణ ఊడవమన్నారు. ఊడ్చింది. చీపురు పట్టుకునే నిషేధించిన కరపత్రాలు కండెల పెట్టెల్లో పెట్టి హాలుకి పంపేది. అందుకునేది జెనోబియా. అలా చాలా ఏళ్ళు గడిచాయి. చివరికి ప్రభుత్వమే యూనియన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఎన్నికలన్నారు. యూనియన్ తరఫున వూచ్ నుంచి నిలబెట్టే పేర్లలో లుచినా పేరు వచ్చింది.

"నేనేంటి, పార్లమెంటేంటి? నేను మాట్లాడితే పోగులూ పేకలే వస్తాయి నోట్లోంచి" అంది లుచినా భయపడుతూ.

"అవే మాట్లాడు. అక్కడ కూర్చున్నవాళ్ళలో చొక్కా వేసుకోనోడు ఉన్నాడా? అది ఎలా తయారవుద్దో ఒక్కడికైనా తెలుసా?" అంది జెనోబియా. మైదా ఉడకబెట్టి బంక చేసి, గెనెక్‌ని వెంటబెట్టుకుని వీధివీధినా పోస్టర్లు అతికించింది. లుచినా గెలిచిన రోజున మగ్గాల హాల్లో ఆడవాళ్ళు ఒక్కసారిగా మగ్గాలు ఆపేసి, ఆ అలవాటులేని నిశ్శబ్దంలో గొంతెత్తి పాడారు. జెనోబియా ఏడ్చింది. "మన హాలు నుంచి ఒకత్తి పోతోందే! ఇక చూస్కోండి" అంది అందరితో.

రాజధాని వార్సాలో లుచినాకు హాస్టల్ గది ఇచ్చారు. దొరోతా వూచ్‌లోనే ఉండిపోయింది. పార్లమెంటులో తన సీటు ఎక్కడుందో వెతుక్కోవడానికే కొన్నాళ్ళు పట్టింది. కొత్త ప్రభుత్వం ఏర్పడింది. అందులో చాలామంది యూనియన్ వాళ్ళే, జైలు కూడు తిన్నవాళ్ళే. సంబరంగానే ఉండేది కానీ ఖజానాలో చిల్లిగవ్వ లేదు. ధరలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పెద్ద చదువులు చదివిన ఆర్థికులు వచ్చి, చేదు మందు ఒక్క గుక్కలో మింగాలన్నారు.

యూనియన్ పెద్దలు తమ ఎంపీలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళలో పెద్దాయన ఒకరు సిగరెట్ వెలిగించి అన్నాడు. "చూడండి, ఈ ప్రభుత్వం మనది. దీని మీద వాన పడబోతోంది, గట్టి వాన. మనం యూనియన్. మనం పైన గొడుగు పట్టాలి. మనమే సమ్మెలు చేస్తే ఇది పడిపోద్ది. పడితే మళ్ళీ పాతవాళ్ళే వస్తారు. అదా మీక్కావాల్సింది?"

కాదని అందరూ తలలూపారు. లుచినా కూడా ఊపింది. అనాథాశ్రమం పేరెత్తిన ఆ మర్యాదస్తుడి మొహం ఆమె మరిచిపోలేదు.

చట్టాలు ఏడాది చివర కట్టలుకట్టలుగా వచ్చాయి. కొత్త సంవత్సరంలోగా ఓటేయాలి. చదవడానికి వ్యవధి లేదు, చదివినా సగం అర్థం కాదు. ఒక్క ముక్క మాత్రం లుచినాకు బాగా అర్థమైంది. ఏ మిల్లయినా హద్దు దాటి జీతాలు పెంచితే దాని మీద మోయలేనంత పన్ను పడుతుంది. నడవలో ఒక ఆర్థికుణ్ణి పట్టుకుని అడిగింది.

"బాబూ, ఇది పాసైతే మా మిల్లు సంగతేంటి?"

"కొన్నాళ్ళు ఇబ్బంది ఉంటుంది ఎంపీ గారూ. వేసవి నాటికి సర్దుకుంటుంది. మంచి మిల్లు అయితే నిలబడుతుంది."

"మా మిల్లు మంచిదే" అంది లుచినా. లోపలికి వెళ్ళి చెయ్యెత్తింది.

జనవరిలో రొట్టె ధర చూసి వూచ్ ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. జీతం చూస్తే ఉన్నచోటే ఉంది. మిల్లులో సమ్మె మాట లేచింది. యూనియన్ పెద్దలు లుచినాను పంపారు. "నీ మాట వింటారు. వెళ్ళి ఆపు" అన్నారు.

క్యాంటీన్ హాలు కిక్కిరిసిపోయింది. లుచినా బల్ల మీదికెక్కి మాట్లాడింది. ఓపిక పట్టమంది. ఇది మన ప్రభుత్వం, దీనికి మనమే గొడుగు పట్టాలంది. వేసవి దాటితే మనకీ వెలుగొస్తుందంది. ముందు వరసలోవాళ్ళు గొణిగారు. "అప్పుడూ ఓపికే, ఇప్పుడూ ఓపికేనా? ఓపికకి రేషన్ కూపన్లిస్తారా ఏంటి?" అని ఒకామె అరిచింది. గోల పెరిగింది. ఆ గోలలో హాలు చివర గోడకానుకుని నిలబడ్డ జెనోబియా కనిపించింది. అరవలేదు. మగ్గాల దగ్గర మాట్లాడినట్టే పెదవులు కదిపింది.

"నిజమేనా?"

లుచినా కూడా పెదవులతోనే చెప్పింది. "నిజమే."

జెనోబియా గోడ వదిలి ముందుకొచ్చింది. "ఊరుకోండే! లుచ్యా నిజమని చెప్తోంది. జైలుకి పోయిందే తప్ప అది ఏనాడైనా మనకి అబద్ధం చెప్పిందా? పదండి, పని చూడండి" అంది. వెళ్ళారు. ఆ సాయంత్రం మగ్గాలు మామూలుగా మోగాయి. వార్సాలో పెద్దలు లుచినా భుజం తట్టారు.

వేసవి వచ్చింది, పోయింది. మిల్లు నేసిన గుడ్డలో సగం పైగా తూర్పుకి, రష్యాకి పోయేది. అక్కడా రాజ్యం తలకిందులైంది. ఆర్డర్లు ఆగిపోయాయి. ఆ వైపు నుంచే వచ్చే దూది కూడా ఆగింది. నేసిన తానులు గోదాముల్లో కప్పు దాకా పేరుకున్నాయి. ముందు నూలు వడికే విభాగం మూశారు, తరవాత అద్దకం. మగ్గాలు ఒక్కో వరసా ఆపుకుంటూ వచ్చారు.

లుచినా మంత్రిత్వశాఖ చుట్టూ తిరిగింది. గనుల వాళ్ళకి పని వదిలితే పెద్ద మొత్తం చేతిలో పెట్టడం, ముందస్తు పింఛన్లు, కొత్త పని నేర్పే బళ్ళు అన్నీ మాట్లాడుతున్నారు. మరి నేతవాళ్ళకో? ఒక అధికారి ఆమెకి టీ పోయించి, కుర్చీ వేయించి, జాలిగా చెప్పాడు.

"ఎంపీ గారూ, దాపరికం లేకుండా చెప్తాను. గనివాళ్ళు వార్సా వచ్చారంటే గొడ్డలి కర్రలతో వస్తారు, టైర్లు తగలబెడతారు. మీ ఆడవాళ్ళు వస్తే ఏం చేస్తారు? పాడతారు. పైగా గనివాడి ఒక్క జీతం మీద ఇల్లంతా ఆధారం. మీవాళ్ళకి మొగుళ్ళున్నారుగా?"

"మా ఊళ్ళో మొగుళ్ళూ మిల్లుల్లోనే పనిచేస్తారయ్యా" అంది లుచినా.

సొంత యూనియన్లోనూ అదే తంతు. ప్రభుత్వంతో ఒప్పందానికి ఏయే పరిశ్రమల పేర్లు చేర్చాలో మాట్లాడుకునే సమావేశంలో బొగ్గు గురించి పొద్దుటి నుంచి మాట్లాడారు. ఉక్కు గురించి, ఓడల గురించి మాట్లాడారు. నేతపని వంతు వచ్చేసరికి కాఫీ వేళయింది. కాఫీ తాగాక సగంమంది రైళ్ళకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి లుచినా చెప్పుకుంది. గోడకి చెప్పుకుంటే గోడైనా వినేది.

మిల్లు మూసిన రోజు ఆమె వూచ్ వచ్చింది. రాకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. కానీ వచ్చింది. గేటులోంచి ఆడవాళ్ళు సంచుల్లో చెప్పులూ, టీ గ్లాసులూ, అల్మారా తలుపుకి అంటించిన మేరీ మాత బొమ్మలూ వేసుకుని బయటికి వస్తున్నారు. ఒకామె లుచినాను చూసి నేలమీద ఉమ్మింది. ఇంకొకామె, "గొడుగు తెచ్చావా ఎంపీ గారూ? ఇక్కడ బాగా తడుస్తున్నాం" అంది. లుచినా గేటు పక్కనే నిలబడింది.

జెనోబియా అందరికంటే చివర వచ్చింది. సంచి కింద పెట్టింది.

"నిన్ను తిట్టడానికి కాదులే, భయపడకు. ఒక్కటి అడుగుతా. ఆరోజు క్యాంటీన్లో నేనడిగినప్పుడు, ఇలా అవుద్దని నీకు తెలుసా?"

"తెలియదు జెన్యా. నా బిడ్డ మీద ఒట్టు. నాకూ తెలియదు."

"మరి తెలియకుండా నిజమని ఎలా చెప్పావే?"

జెనోబియా ట్రాము స్టాపు వైపు పోతున్న ఆడవాళ్ళని చూపించింది.

"తెలిసే అబద్ధమాడావనుకో, పోన్లే, రాజకీయంలోకి పోయింది, పాడైపోయింది అనుకునేదాన్ని. తిట్టి ఊరుకునేదాన్ని. నీకు తెలియని దానికి నాకు మాటిచ్చావు. నీ మాట పట్టుకుని నేను వీళ్ళందరికీ మాటిచ్చాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఇప్పుడు వీళ్ళ మొహం నేనెలా చూడాలి చెప్పు?"

"జెన్యా..."

"దొరోతాని పంపిస్తూ ఉండు. నువ్వు మాత్రం రాకు."

సంచి భుజానికి తగిలించుకుని ట్రాము స్టాపు వైపు నడిచింది. లుచినా వెంట వెళ్ళబోయి ఆగిపోయింది.

ఆ తరవాత యూనియన్‌కీ ప్రభుత్వానికీ చెడింది. గొడుగు పట్టి పట్టి చేతులు పడిపోయాయి, కిందనున్నవాళ్ళు తడిసి ముద్దయ్యారు. యూనియన్ ఎంపీలే ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు. లుచినా ఈసారి ఎవరూ చెప్పకుండానే, గట్టిగా, ముందుగా చెయ్యెత్తింది. ప్రభుత్వం పడిపోయింది. యూనియన్ బెంచీల్లో కొందరు చప్పట్లు కొట్టారు. ఆమె బయటికి పరుగెత్తి వూచ్‌లో ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది దొరోతా.

"పడగొట్టేశాం" అంది లుచినా రొప్పుతూ. "మీ పెద్దమ్మకి చెప్పు."

దొరోతా అప్పటికి పెద్దపిల్ల. "పడగొట్టి ఎవర్ని తెస్తారమ్మా?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు ఎన్నికల్లో వచ్చింది. యూనియన్‌కి సభలో ఒక్క సీటుకైనా సరిపడా ఓట్లు రాలేదు. పాత పార్టీవాళ్ళే కొత్త టైలు కట్టుకుని, కొత్త పేరు పెట్టుకుని గెలిచి వచ్చారు. లుచినా ప్రభుత్వాన్ని నిలబెట్టి చూసింది, పడగొట్టి చూసింది. మిల్లు తలుపు మాత్రం రెండుసార్లూ తెరుచుకోలేదు.

లుచినా హాస్టల్ గది ఖాళీ చేసి వూచ్ వచ్చేసింది. పార్లమెంటులో కూర్చున్న నేతగత్తెకి ఎవరు పనిస్తారు? చదువుకున్నవాళ్ళు ఆమెని నేతగత్తెగా చూశారు, నేతగత్తెలు ఎంపీగా చూశారు. చివరికి ఒక ఇంటి నేలమాళిగలో చొక్కాలు కుట్టించే చోట కుట్టు మెషిన్ దొరికింది. యజమాని మొదటి రోజే చెప్పాడు. "నువ్వెవరో నాకు తెలుసమ్మా. మంచిదానివే. కానీ ఇక్కడ యూనియన్ అన్న మాట వినబడకూడదు." సరేనంది. చుట్టూ వయసు పిల్లలు మధ్యాహ్నం రొట్టెకి కూడా లేవకుండా కుడుతుంటే తలొంచుకుని తనూ కుట్టింది. ఆ "సరే" అన్నందుకు తన మీద తనకే ఎంత అసహ్యం వేసిందో ఎవరితోనూ చెప్పుకోలేదు.

జెనోబియా బవూతి బజారులో మడత బల్ల వేసి మేజోళ్ళు అమ్మింది. మంచులో, వానలో నిలబడి, "రండమ్మా, చిల్లుల్లేని మేజోళ్ళు, మా ప్రభుత్వం కంటే గట్టివి!" అని కేకలేసేదట. దొరోతా చదువుకుంటూనే శనివారాలు వెళ్ళి బల్ల దగ్గర సాయం చేసేది. ఏం మాట్లాడుకున్నారని లుచినా అడిగేది కాదు. కూతురి చేతుల మీద చలి పగుళ్ళకి వెన్న రాసేది, అంతే.

మిల్లులో పీల్చిన దూది దుమ్ము జెనోబియా ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. చలి దానికి తోడైంది. ఆస్పత్రిలో చేర్చారు. లుచినా మొదటి రోజు ఆస్పత్రి మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. రెండోసారి వార్డు గుమ్మం దాకా వెళ్ళింది. లోపల దొరోతా మంచం మీద కూర్చుని చెంచాతో బీట్‌రూట్ సూప్ తాగిస్తోంది. అంత లావు మనిషి దుప్పటి కింద ఉన్నట్టే లేదు.

జెనోబియా కళ్ళెత్తి గుమ్మం వైపు చూసింది. చాలాసేపే చూసింది. లుచినా ఒక్క అడుగు లోపలికి వేసింది.

"దొరోతా" అంది జెనోబియా ఆయాసపడుతూ, "ఆ తలుపు వెయ్యమ్మా. చలిగాలి వస్తోంది."

దొరోతా తల్లిని చూసింది. పెద్దమ్మని చూసింది. లేచి వచ్చి, తల్లి చెయ్యి ఒకసారి నొక్కి, మెల్లిగా తలుపు మూసింది. లుచినా ఆ తలుపుకి ఈవల ఉన్న బెంచీ మీద సందర్శకుల వేళ అయిపోయేదాకా కూర్చుంది. లోపల దగ్గు వినబడుతూనే ఉంది.

ఆ వారంలోనే జెనోబియా పోయింది.

శ్మశానానికి మిల్లు ఆడవాళ్ళంతా వచ్చారు. చాలామంది మగ్గాల మోతకి చెవులు సరిగా వినబడనివాళ్ళు, అందుకని పాదిరీ ప్రార్థన గట్టిగా అరిచినట్టే చదివాడు. లుచినా చివర, గుంపుకి ఎడంగా నిలబడింది. శవపేటిక దించాక ఒక్కొక్కరే వెళ్ళి పిడికెడు మట్టి వేసి వచ్చారు. ఆమె కదల్లేదు. గెనెక్ టోపీ చేతిలో పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"వెళ్ళి మట్టి వెయ్యి లుచినా."

"తనకి ఇష్టం ఉండదు గెనెక్."

"ఉండదు. ఉంటే ఆరోజు తలుపు వేయించేది కాదు" అన్నాడాయన. "కానీ ఆ చివరి రాత్రుళ్ళు అది నీ పేరు పెట్టి తిడుతూనే ఉంది. ఇంకెవర్నీ తిట్టలేదు. ప్రభుత్వాన్ని తిట్టలేదు, మంత్రుల్ని తిట్టలేదు. నిన్నే. అంత కోపం పరాయివాళ్ళ మీద వస్తుందా? వెళ్ళు."

వెళ్ళింది. మట్టి గడ్డకట్టి ఉంది, పిడికిట్లోకి రాలేదు. గోళ్ళతో గీకి తీసి వేసింది.

తరవాత గెనెక్ ఇంట్లో అందరికీ భోజనం పెట్టారు. సూప్, బంగాళదుంపలు, పుల్లటి క్యాబేజీ. లుచినా కూర్చోలేదు. వంటగదిలోకి వెళ్ళి చొక్కా చేతులు పైకి మడుచుకుని ఎంగిలి పళ్ళాలు కడగడం మొదలుపెట్టింది. ముందుగదిలో మాటలు ఆమెకి వినబడుతూనే ఉన్నాయి. ఎవరి కూతురు ఎక్కడ పనికి పోయిందో, ఎవరికి పింఛను వస్తుందో, మిల్లు హాలు ఎవరు కొన్నారో చెప్పుకుంటున్నారు. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. కొంతసేపటికి ఒకామె ఇంకో దొంతర పళ్ళాలు తెచ్చి పక్కన పెట్టింది. మిల్లు గేటు దగ్గర ఆరోజు నేలమీద ఉమ్మినామె. మేకుకి వేలాడుతున్న తుండుగుడ్డ అందుకుని, లుచినా కడిగి పెట్టిన పళ్ళాలు ఒక్కొక్కటే తుడవసాగింది. పళ్ళాలు అయిపోయాక గుడ్డ మళ్ళీ మేకుకి తగిలించి, మాట్లాడకుండానే వెళ్ళిపోయింది.

లుచినా తొట్టిలో నీళ్ళు వదిలేసి, చేతులు తుడుచుకుని, కోటు వేసుకుంది. దొరోతా ఆ రాత్రికి గెనెక్ దగ్గర ఉండిపోతానంది. "ఉండు, ఆయన ఒంటరిగా ఉంటాడు" అని లుచినా ఒక్కతే ట్రాము ఎక్కింది.